తమ్ముని తల మీద పెట్టిన చెయ్యి

మొన్న మా అపార్టుమెంటు నీళ్ల మోటరు కాలిపోయింది. ఈ నెల చూసుకునే వంతు నాది కాబట్టి దాన్ని ఆటోలో వేసుకుని కరీంనగర్‌లో ఒక సందులో ఉన్న వైండింగ్ షాపుకు నేనే వెళ్లాను. లోపలికి అడుగు పెట్టకముందే వార్నిష్ వాసన తగిలింది. పాకం మాడినట్టుండే తీపి, దాని వెనక కిరోసిన్ ఘాటు, ఆ వెనక ఎక్కడో వేడెక్కిన రాగి. చిన్నప్పటి వాసనలు తగిలితే అందరికీ నోరూరుతుందంటారు. నాకు మాత్రం ఈ వాసనకు భయం వేస్తుంది, చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతుంది, వెంటనే తమ్మునితో మాట్లాడాలనిపిస్తుంది. హైస్కూలు పిల్లలను గడగడలాడించే లెక్కల టీచరునని పేరున్నదాన్ని, ఒక డబ్బాడు వార్నిష్‌కు భయపడతానంటే ఎవరు నమ్ముతారు?

మా బాపు పేరు ఏలియా. ఊరందరికీ మోటర్ ఏలయ్య. హుజూరాబాద్‌కు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో, మా వాడకట్టు మొదట్లో రేకుల చర్చి, దానిని ఆనుకున్నట్టే మా ఇల్లు, ఇంటి ముందు పందిరి కింద బాపు దుకాణం. ఎండాకాలంలో కరెంటు వచ్చేదే కాసేపు, అదీ సన్నగా వచ్చేసరికి బావుల మీద మోటర్లన్నీ ఒక్కసారే గుంజి గుంజి కాలిపోయేవి. ఎడ్లబండి మీద కొందరు, సైకిలు వెనక కట్టుకుని కొందరు, గొంగడిలో వేసి నలుగురు కలిసి మోసుకుని కొందరు తెచ్చేవారు. బాపు మోటరు విప్పి, లోపల నల్లగా మాడిన తీగ చుట్టలను ఉలితో కోసి లాగేసి, ఖాళీ అయిన గాడులను తోమి, వాటిలో పసుపురంగు కాగితం పరిచి, కొత్త తీగను చెక్క అచ్చు మీద చుట్లు లెక్కపెడుతూ చుట్టేవాడు. ఆ సమయంలో కాకి కూడా అరవకూడదు, లెక్క తప్పితే మళ్లీ మొదటికే. గాడులు మూయడానికి వెదురు పుల్లలు సన్నగా చెక్కి ఇవ్వడం నా పని. చివరికి వార్నిష్ పోసి, మోటరు కడుపులో పెద్ద బల్బు వేలాడదీసి రెండురోజులు ఆరబెట్టేవాడు. వానాకాలంలో కాల్చుకున్న మక్క కంకులకూ ఆ వాసనే, క్రిస్మస్‌కు అవ్వ, అంటే మా అమ్మ, నువ్వులూ వామూ కలిపి తెల్లబట్ట మీద చుట్టి ఆరబెట్టిన సకినాలకూ ఆ వాసనే. మా ఇంటి సకినాలు తిన్న చుట్టాలు మొహమాటానికి ఏమీ అనేవారు కాదు గానీ, రెండోది తీసుకునేవారు కాదు.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. కాలిన తీగను మిగతా మెకానిక్కులు తమ దగ్గరే ఉంచుకునేవారు. రాగి కాలినా రాగే, దానికీ ధర ఉంటుంది. రైతుకు ఆ సంగతి తెలియదు, తెలిసినా అడగడు. బాపు మాత్రం చిన్న ముక్కతో సహా ఏరి, పాత గుడ్డలో మూటగట్టి, బాగైన మోటరుకు ఆ మూటను తాడుతో కట్టి ఇచ్చేవాడు. "గిది గూడ నీదే" అనేవాడు, అంతకు మించి ఉపన్యాసం ఉండేది కాదు. ఉన్న గుడ్డలన్నీ ఇతరుల తీగలకే అయిపోతున్నాయని, ఇల్లు తుడవడానికి పేలిక కూడా మిగలడం లేదని అవ్వ నెలకోసారైనా సాధించేది.

రెండో పద్ధతి నా ప్రాణానికి వచ్చింది. మా ఇంట్లో ఒట్టు పెట్టకూడదు. బూతుమాటకు ఒక దెబ్బ పడితే ఒట్టుకు రెండు పడేవి. ఒట్టేసి చెప్పిందే నిజమైతే, వేయకుండా చెప్పేదంతా అబద్ధమనే కదా అని బాపు అడిగేవాడు. క్రీస్తును నమ్ముకున్నవాని మాటకు పక్కన ఇంకో సాక్షి ఎందుకని, మా తాత బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మా ఇంట్లో ఇదే లెక్క. పెద్దవాళ్లకేం, వాళ్లు తొక్కుడుబిళ్ల ఆడరు కదా. గీత తొక్కావని ఎవరైనా అంటే పిల్లలంతా గొంతు పట్టుకుని "అవ్వతోడు" అనేసి బయటపడేవారు. నేను మాత్రం "తొక్కలే" అని నిలబడేదాన్ని. గొర్లు కాసే కొమురయ్య బిడ్డ లచ్చవ్వ నా ఈడుదే, మా ఆటలకు జడ్జి అదే. తోడు పెట్టలేదంటే తొక్కినట్టేనని తీర్పు చెప్పేది. ఆ లెక్కన చిన్నప్పుడు నేను ఆడిన ఆటల్లో సగం ఊరికే ఓడిపోయాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో, ఊళ్లో పెద్ద రైతైన పటేల్ బావి మీది మోటరును రాత్రికి రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు. యాసంగి వరి పొట్ట మీద ఉంది, తుమ్మచెట్ల కాయలు ఎండి రాలుతున్నాయి, బావిలో నీళ్లున్నా పైకి ఎక్కించే దిక్కు లేక పొలం కళ్లముందే పగుళ్లు విచ్చుతోంది. ఆ మోటరును పది రోజుల కిందటే బాపు చుట్టి, తానే బావి దగ్గరికి పోయి బిగించి వచ్చాడు. దాని నట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అందరికంటే బాగా తెలిసినవాడు, రాగితోనే పని చేసేవాడు. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? ఆ పక్క పొలంలో గొర్ల మంద పెట్టిన కొమురయ్య, పటేల్ జీతగాడు, గట్టు తగాదా ఉన్న పక్క రైతు, వాళ్లతో పాటు మా బాపు, ఈ నలుగురి మీదా అనుమానం పడింది.

పంచాయతీ ముందు అందరూ కూర్చున్నారు. నేను తమ్ముణ్ని చంకనేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. వాడికి మూడేళ్లు, పేరు దానియేలు, మేం దాన్యా అనేవాళ్లం. మంగళవారం ట్రాక్టరులో కొండగట్టు పోయి, స్నానం చేసి తడిబట్టలతో అంజన్న ముందు ప్రమాణం చేయాలని పెద్దమనుషులు తేల్చారు. ముగ్గురూ సరేనన్నారు. బాపు దగ్గరికి వచ్చేసరికి పటేలే గొంతు తగ్గించాడు. పటేల్ చెడ్డమనిషని నేను చెప్పలేను.

"ఏలయ్యా, నిన్ను కొండగట్టు రమ్మంటలేను. మీ చర్చిలనే మీ బైబిల్ మీద చెయ్యివెట్టి జెప్పు. నాకు గది చాలు."

"నేను తియ్యలే పటేలా," అన్నాడు బాపు. "చెయ్యివెట్టి జెప్పినా గదే మాట, వెట్టకుంట జెప్పినా గదే మాట."

వెనక నుంచి ఎవరో గుమ్మడికాయల దొంగ సామెత ఎత్తారు. కొందరు నవ్వారు. పటేల్ నవ్వలేదు. ఈస్టరు ఆదివారం దాకా చూస్తానని, అప్పటికీ ప్రమాణం చేయకపోతే ఠాణాలో చెప్పక తప్పదని అన్నాడు. ఠాణాకు పోయినవాళ్లు తమ కాళ్ల మీద తిరిగిరారని లచ్చవ్వ నాకు అంతకుముందే చెప్పి ఉంది. నేను తమ్ముణ్ని దించి గోడకు ఆనుకున్నాను.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా అడుగు వేయలేదు. మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు పట్టుకుని పాడుతూ వాడకట్టంతా తిరిగేవాళ్లం, ఆ ఏడు కూడా తిరిగాం, కానీ ఊళ్లోవాళ్లు గడపల్లో నిలబడి పాటను కాక మా బాపును చూశారు. దుకాణంలో ఉన్న రెండు మోటర్లను వాటి యజమానులు సగం పనిలోనే తీసుకుపోయారు. బాపు వాటికీ కాలిన తీగ మూటగట్టి ఇచ్చాడు. పాస్టరు గారు హుజూరాబాద్ నుంచి వచ్చి, ఇందులో పెద్ద పాపం లేదు ఏలియా, ఒక్కసారి చెయ్యి పెట్టరాదా అని నచ్చజెప్పారు. అవ్వ ఏడ్చి బతిమాలింది. బాపు ఎవరి మీదా కోపం చేయలేదు, ఎవరి మాటా వినలేదు. రోడ్డు మీద జీపు చప్పుడు వినిపిస్తే చాలు, నేను ఇంటి వెనక కట్టెల మోపు చాటుకు పరుగెత్తేదాన్ని.

మంగళవారం పోయినవాళ్లు నుదుట సింధూరంతో, కొబ్బరి ముక్కలతో తిరిగివచ్చారు. లచ్చవ్వ తన వంతు కొబ్బరి కొరుకుతూ ఆ ప్రమాణం సంగతంతా నాకు వివరించింది. అబద్ధపు ఒట్టు పెడితే పెట్టినవానికి ఏమీ కాదట, ఎవరి మీద పెడితే వాళ్లకే వస్తుందట, అదీ మూడు రోజుల్లోనే. వాళ్ల నాయన తన పిల్లలందరి పేర్లూ చెప్పి ప్రమాణం చేశాడట. "మేమేం భయపడ్తలేం" అంది లచ్చవ్వ, ఇంకో ముక్క నోట్లో వేసుకుంటూ.

బుధవారం పొద్దున అవ్వ చల్లకోసం పటేల్ ఇంటికి పంపింది. గొడవ ఉన్నా పటేల్ వాళ్లమ్మ చల్ల మానలేదు, ఎప్పటిలాగే మెట్టు మీద నిలబడి పైనుంచి నా గిన్నెలో పోసింది. తమ్ముడు నా చంకలో ఉన్నాడు. పటేల్ అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఆదివారానికి నాలుగు రోజులే ఉంది. నేను గిన్నె కింద పెట్టాను, తమ్ముని తల మీద కుడిచెయ్యి పెట్టాను. వెంట్రుకల కింద వాడి మాడు వెచ్చగా తగిలింది.

"మా తమ్ముని మీద ఒట్టు పటేలా. మా బాపు నీ మోటర్ తియ్యలే."

పటేల్ వేపపుల్ల నోట్లోంచి తీసి చాలాసేపు నన్నూ తమ్ముణ్నీ మార్చిమార్చి చూశాడు. తర్వాత ఇంటికి పొమ్మన్నాడు, అంతే.

సాయంత్రానికి మనిషిని పంపాడు. ఇక ఏలయ్య ప్రమాణం చేసే పనిలేదని, ఈ సంగతి ఇక్కడితో అయిపోయిందని కబురు. ఎందుకు అయిపోయిందో ఆ మనిషి చెప్పలేదు. తెల్లారేసరికి కొత్తగా కాలిన మోటరొకటి మా పందిరి కిందికి వచ్చింది. వారం తర్వాత బాపు మొదటిసారి కడుపునిండా తిన్నాడు. మనం నిజం మీద నిలబడితే వినేవాళ్లు వింటారని అవ్వతో అన్నాడు. తన మాటే గెలిచిందనుకున్నాడు పిచ్చి బాపు. నేను మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాను.

గురువారం మధ్యాహ్నం దాన్యాకు చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే అవ్వ ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పింది. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. నా లెక్క చాలా తేలికగా తేలిపోయింది. లెక్కల్లో నేను అప్పటికే చురుకు. ఒట్టు నిజమైతే తమ్మునికి ఏమీ కాకూడదు, తమ్మునికి అయింది, అందుకని ఒట్టు అబద్ధం. ఒట్టు అబద్ధమంటే మోటరు మా బాపే తీశాడు. శుక్రవారం చర్చిలో మూడు గంటల ఆరాధన నడుస్తుంటే నేను బాపు చేతులనే చూస్తూ కూర్చున్నాను. గోళ్ల సందుల్లో నల్లగా పేరుకున్న వార్నిష్, వేళ్ల మీద తీగ కోసిన సన్నని గీతలు. అవే చేతులు మోటరు నట్లు విప్పుతున్నట్టు కనిపించాయి. ఆరాధన అయ్యాక అందరికీ పానకం పోశారు, నా గ్లాసు పక్కవాళ్లకిచ్చేశాను. ఇంటికి పోతే తమ్ముడు లేచి ఆడుకుంటున్నాడు. తగ్గిందని అవ్వ సంతోషపడింది. శనివారం సరిగ్గా అదే వేళకు మళ్లీ చలి వచ్చింది. మూడో రోజు.

నేను దుకాణంలోకి పోయాను. బాపు ఉలితో తీగ కోస్తున్నాడు.

"బాపూ, తమ్ముడు సచ్చిపోతడా?"

ఎందుకలా అడిగావన్నాడు. చెప్పేశాను. చల్ల గిన్నె, పటేల్, తమ్ముని తల, లచ్చవ్వ చెప్పిన మూడు రోజులు, అంతా ఏడుస్తూ చెప్పాను. కొడతాడనుకున్నాను. ఉలి పక్కన పెట్టి, కిరోసిన్ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"అయితే పటేల్ నన్ను నమ్మలేదన్నట్టు" అన్నాడు చివరికి.

ముందుగా తమ్ముణ్ని ఊళ్లోని డాక్టరుకు చూపించి, చలిజరం బిళ్లలు తెచ్చి, చేదుకు వాడు ఊసేస్తుంటే బెల్లంలో నూరి మింగించాడు. తర్వాత మొహం కడుక్కుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. నన్ను నడవమన్నాడు. ఎక్కడికో అవ్వకు అర్థమైపోయింది.

"ఇడిచిపెట్టరాదు. దేవుడే గా తొవ్వ జూపిండనుకో. పోరడు మంచంల, నువ్వు ఠాణల, నేనెట్ల బతకాలె?"

"దేవుడు జూపిన తొవ్వ గాదది. పిల్ల భయపడి తీసిన తొవ్వ."

పటేల్ ఇంటిదాకా బాపు నా చెయ్యి వదల్లేదు. నా చెయ్యి చల్లగా, ఆయన చెయ్యి గరుకుగా ఉన్నాయి. పటేల్ అరుగు మీదే ఉన్నాడు. ఏలయ్య కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకున్నాడేమో, కూర్చోమన్నాడు. బాపు కూర్చోలేదు.

"నా బిడ్డ నీకాడ ఒట్టు వెట్టి అచ్చిందట పటేలా. గది వాపసు తీస్కపోను అచ్చిన."

ఊళ్లో అలాంటి మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. పటేల్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"మరి నేను దేన్ని నమ్మాలె ఏలయ్యా?"

"నన్ను నమ్మాలె. నమ్మబుద్ధి గాకుంటే ఠాణల జెప్పు, నేను యాడికి పారిపోను. గని గా పసిపోరని తల మీద నన్ను నమ్మకు."

 లోపల గడప దగ్గర పటేల్ వాళ్లమ్మ నీడ కదిలింది. మేం తిరిగి నడిచాం.

ఎండ ఇంకా దిగలేదు. బాట మీద దుమ్ములో మా ఇద్దరి పాదాలు మెత్తగా దిగబడుతున్నాయి. తుమ్మచెట్ల దగ్గరికి వచ్చాక బాపు నన్ను చూడకుండానే అడిగాడు.

"నేను తియ్యలే గదా బిడ్డా. తియ్యకుంటే నీ ఒట్టు నిజమే గదా. మరి తమ్మునికి జరమస్తే నువ్వెందుకు భయపడ్డవ్?"

నేను కాలిలో ముల్లు గుచ్చుకుందని కూర్చున్నాను. ముల్లేమీ లేదు. బాపు ఆగి, నేను లేచేదాకా నిలబడ్డాడు. మళ్లీ అడగలేదు.

ఈస్టరు ఆదివారం జీపు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. పటేల్ ఠాణాకు పోలేదు, అలాగని నమ్మానని కూడా చెప్పలేదు. తమ్ముడు చేదుబిళ్లలతో వారంలో లేచి కోళ్ల వెంట పడ్డాడు. దుకాణానికి మాత్రం మోటర్లు రాలేదు. బాపు ఎండాకాలమంతా సైకిలు మీద హుజూరాబాద్ పోయి ఇంకొకరి దుకాణంలో కూలికి తీగ చుట్టాడు. ఇవాళ పట్టుకుపోతారా రేపు పట్టుకుపోతారా అని నేను సాయంత్రం సైకిలు బెల్లు వినేదాకా గుమ్మం వదిలేదాన్ని కాదు. వానలు పడ్డాయి, బతుకమ్మ పూలు పూసే రోజులు వచ్చాయి. ఒక పొద్దున పటేల్ జీతగాడు ఎడ్లబండి మీద మోటరు తెచ్చి మా పందిరి కింద దించాడు. పటేల్ కొత్తగా కొన్న మోటరు అది, కాలిపోయింది.

"పటేల్ జెప్పిండు," అన్నాడు జీతగాడు. "పాత తీగె నిన్నే ఉంచుకోమన్నడు."

బాపు ఆ మోటరును నాలుగు రోజులు చుట్టాడు. అంత పట్టే పని కాదది. పాత తీగను మాత్రం ముక్క కూడా పోకుండా మూటగట్టి, మోటరుకు కట్టి పంపాడు. ఆ రోజు అవ్వ గుడ్డ గురించి సాధించలేదు, పెట్టెలోంచి తన పాత చీర కొంగు తానే చించి ఇచ్చింది.

పోయిన మోటరు ఇప్పటిదాకా దొరకలేదు. ఇప్పుడు ఆ బావే లేదు, పూడ్చేసి బోరు వేశారు. రేకుల చర్చి స్లాబు చర్చి అయింది, ఈతమట్టలు పట్టణం నుంచి కొని తెస్తున్నారు, మా పందిరి ఉన్నచోట సిమెంటు రోడ్డు పోతోంది. కరీంనగర్ షాపు కుర్రాడు బాగైన మోటరును ఆటోలో పెడుతుంటే పాత తీగ ఏదని అడిగాను. నన్ను వింతగా చూశాడు. పాత తీగ ఎవరూ అడగరు మేడం, అదెప్పుడో తూకానికి పోయిందన్నాడు. పోనీలే అన్నాను. ఆటో ఎక్కి తమ్మునికి ఫోను చేశాను. వాడిప్పుడు ఇచ్చోడలో మెడికల్ షాపు నడుపుతున్నాడు, నాకంటే లావుగా ఉన్నాడు. "బతికే ఉన్ననే అక్కా" అన్నాడు ఫోను ఎత్తగానే. ఒట్టు కథ వాడికి పెద్ద జోకు, పెళ్లిళ్లలో అందరినీ కూర్చోబెట్టి చెప్పి నవ్విస్తాడు. తుమ్మచెట్ల దగ్గర బాపు అడిగిన మాట మాత్రం వాడికి తెలియదు, నేను ఎవరికీ చెప్పలేదు.

బాపు ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. ఎన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని వెదురు పుల్లలు చెక్కానో లెక్కలేదు. ఆ ఊరందరి లాగే నేను కూడా మూడు రోజులు ఆయనను దొంగ అనుకున్నాను. తుమ్మచెట్ల దగ్గర చెప్పలేని నా జవాబు ఆ ఒక్క మాటే. ఆ ముల్లు లేని కాలు పట్టుకుని కూర్చున్నప్పుడే బాపుకు అది అర్థమైందని, అందుకే ఇంకెప్పుడూ అడగలేదని నాకు ఇప్పుడు తెలుస్తోంది.